మన ఒంటి చరిత్ర – 9: రెడ్‌హిల్స్‌లో రెండు దవాఖానలు, అడగని ఒక ప్రశ్న

పోయిన భాగంలో పేట్లబురుజు జజ్గీఖానా గురించి, అక్కడ మన ఆడవాళ్ళ కాన్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కాన్పు కాని వాళ్ళ గురించి. పిల్లల కోసం దవాఖానల చుట్టూ తిరుగుతున్న మొగుడూ పెళ్ళాల్లో ఒకరికి క్యాన్సర్ అని తేలితే ఏమవుతుంది? ఇది వాళ్ళ సొంత కష్టం, ఇందులో చరిత్ర ఏముంది అనుకోవచ్చు. చాలా ఉంది. చివరిదాకా చదవండి.

పాతబస్తీ నుంచి నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్, నాంపల్లి మీదుగా వెళితే రెడ్‌హిల్స్ వస్తుంది. అక్కడ దగ్గర దగ్గరగా రెండు పెద్ద సర్కారు దవాఖానలున్నాయి. ఒకటి నీలోఫర్, పిల్లల దవాఖాన. ఇంకోటి ఎం.ఎన్.జె., మనోళ్ళు క్యాన్సర్ దవాఖాన అనేది. ఒకచోట కొత్త ప్రాణాన్ని చూస్తారు, ఇంకోచోట ఉన్న ప్రాణాన్ని కాపాడతారు. నడిచి పోయేంత దూరమే. క్యాన్సర్ మందు ఎక్కించే ముందు "మీకు ముందు ముందు పిల్లలు కావాలా?" అని అడగడమే ఈ రెండు పనులనూ కలిపే దారి. ఆ దారి ఎందుకు పడలేదన్నదే ఈ భాగం.

పిల్లలు లేని యువరాణి పేరు మీద పిల్లల దవాఖాన

నీలోఫర్ ఒట్టోమన్ వంశపు యువరాణి. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జాతో ఆమెకు పెళ్ళయింది. పిల్లలు కలగలేదు. యూరప్ డాక్టర్లకు చూపించుకునే స్తోమత ఆమెకు ఉంది. అయినా ఫలితం లేకపోయింది, ఎందుకంటే అప్పటికి ఐవీఎఫ్ అనేదే లేదు. భర్త మరో పెళ్ళి చేసుకున్నాడు. 1952లో విడాకులయ్యాయి. రఫత్ అనే ఆమె పరిచారిక కాన్పులో చనిపోయిందని, ఆ బాధతోనే నీలోఫర్ తల్లీపిల్లల దవాఖాన కోసం పట్టుబట్టిందని చెబుతారు. 1953లో ఆ దవాఖాన వచ్చింది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. నిజాం కోడలైనా, ఒట్టోమన్ రక్తమైనా, పిల్లలు లేకపోతే సవతి వచ్చింది. మహల్‌లోనే అంత జరిగితే గల్లీలో ఎంత జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

రెండేళ్ళకు, 1955లో, మెహదీ నవాజ్ జంగ్ చొరవతో రేడియం ఇన్‌స్టిట్యూట్, క్యాన్సర్ దవాఖాన మొదలైంది. ఎం.ఎన్.జె. అంటే ఆయన పేరే. ఆ రోజుల్లో క్యాన్సర్ వైద్యమంటే ముఖ్యంగా కత్తి, రేడియం.

అదే కాలంలో ప్రపంచానికి ఏం తెలుసు?

రేడియం అనగానే ఒక నల్లజాతి తల్లి గుర్తుకు రావాలి. హెన్రియెటా లాక్స్. అమెరికాలోని బాల్టిమోర్‌లో, నల్లవాళ్ళకు వేరే వార్డు పెట్టిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, 1951లో ఆమెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియం పెట్టారు. ఆమె కణాల్ని అడక్కుండా తీసుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. తక్కువమందికి తెలిసిన సంగతి ఇంకోటుంది. ఈ వైద్యంతో ఇక పిల్లలు పుట్టరని ఆమెకు ముందు చెప్పలేదు. తర్వాత చెప్పారు. ముందే చెప్పి ఉంటే ఈ వైద్యానికి ఒప్పుకునేదాన్ని కాదని ఆమె అన్నట్టు కేస్‌షీట్‌లోనే నమోదైంది. అప్పటికే ఆమె ఐదుగురు పిల్లల తల్లి. ఎంతమంది పిల్లలున్నారన్నది ఇక్కడ విషయం కాదు. ఆమె ఒళ్ళు, ఆమెను అడగాలి. అదే ఏడాది అక్టోబర్‌లో 31 ఏళ్ళకు చనిపోయింది.

ఇక 1953. మన దగ్గర నీలోఫర్ దవాఖాన వచ్చిన ఏడే అమెరికాలోని అయోవాలో బంగే, షెర్మన్ అనే ఇద్దరు పరిశోధకులు గడ్డకట్టించి దాచిన వీర్యంతో గర్భం వస్తుందని నిరూపించారు. అంటే మగవాడి సంతాన శక్తిని ముందే దాచిపెట్టుకోవచ్చన్న జ్ఞానం ఎం.ఎన్.జె. కంటే రెండేళ్ళు పెద్దది.

1956 కథలో మన తెలుగువాడు కూడా ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధన నుంచి వచ్చిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆయన 1948లోనే పోయారు. తర్వాత అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ అనే చైనా వలస డాక్టరు, రాయ్ హెర్ట్జ్‌తో కలిసి, కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ మీద ఆ మందు వాడారు. అది గర్భం నుంచే పుట్టే క్యాన్సర్. మన దగ్గర ముత్యాల గర్భం అంటారే, అది ఒక్కోసారి ఇలా ముదురుతుంది. అంతకుముందు గర్భసంచి తీసేసినా చాలామంది బతికేవాళ్ళు కాదు. ఈ మందుతో బతికారు. గడ్డ కట్టిన క్యాన్సర్ మందుతోనే నయమవుతుందని ప్రపంచం చూసిన తొలి సందర్భం అదే. గర్భసంచి కూడా మిగిలింది, ఆ తర్వాత పిల్లల్ని కన్నవాళ్ళూ ఉన్నారు.

లీ చేసిన ఇంకో పని చూడండి. గడ్డ కనపడకుండా పోయినా, రక్తంలో, మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోన్ పూర్తిగా పోయేదాకా మందు ఆపనన్నాడు. అలా మొండికేసినందుకు ఉద్యోగం పోయింది. 1972లో లాస్కర్ అవార్డు వచ్చింది. ఈ హెచ్‌సీజీ మీకు తెలిసిందే. మందుల షాపులో కొనే గర్భం పరీక్ష పట్టీ చూసేది దాన్నే. సంతాన చికిత్సలో అండం పక్వానికి రావడానికి ఇచ్చే ఇంజక్షన్ కూడా అదే. ఒకే హార్మోన్ బిడ్డ వార్త చెబుతుంది, క్యాన్సర్ వార్తా చెబుతుంది. ఒంట్లో ఈ రెండూ వేరు వేరు శాఖలు కావు. శాఖలుగా విడగొట్టింది మన వ్యవస్థ.

మందు ఏం చేస్తుంది, ఏం కాపాడుకోవచ్చు

విద్యార్థులు ఇది కాస్త నిదానంగా చదవాలి.

కీమో మందుల్లో కొన్ని వేగంగా విభజన చెందే కణాల్ని చంపుతాయి. క్యాన్సర్ కణాలతో పాటు వీర్యాన్ని తయారు చేసే కణాలూ పోతాయి. ఆడవాళ్ళకు అండాల నిల్వ పుట్టుకతో వచ్చిందే, కొత్తవి పుట్టవు, పోయినవి పోయినట్టే. యుద్ధంలో వాడిన మస్టర్డ్ గ్యాస్ నుంచి పుట్టిన మందుల కుటుంబం ఒకటుంది. 1959 నుంచి వాడుకలో ఉన్న సైక్లోఫాస్ఫమైడ్ అందులోదే. రొమ్ము క్యాన్సర్‌కు, లింఫోమాకు ఇప్పటికీ ఇస్తారు. సంతానానికి ఎక్కువ దెబ్బ వీటితోనే. కటి భాగానికి ఇచ్చే రేడియేషన్ అండాశయాల్నీ గర్భసంచినీ కూడా దెబ్బతీస్తుంది.

హాడ్జ్‌కిన్ లింఫోమానే తీసుకోండి. 1960ల్లో అమెరికాలో తయారైన మాప్ అనే మందుల కలయిక ప్రాణాలు నిలబెట్టింది, కానీ వైద్యం చేయించుకున్న మగవాళ్ళలో ఎక్కువమందికి వీర్యకణాలు లేకుండా పోయాయి. 1970ల్లో ఇటలీలోని మిలాన్‌లో బొనడొన్నా బృందం ఏబీవీడీ అనే ఇంకో కలయిక తెచ్చింది. ప్రాణం నిలబడింది, సంతానానికి దెబ్బ చాలా తగ్గింది. అంటే మందు ఎంపికలో కూడా ఈ ప్రశ్నకు చోటుంది, డాక్టరు అడగాలనుకుంటే.

కాపాడుకునే దారులు ఇవి. మగవాడికి ఒకటి రెండు రోజులు చాలు. నమూనా ఇస్తే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు. ఆడవాళ్ళకు దాదాపు రెండు వారాలు పడుతుంది. ఇంజక్షన్లతో అండాల్ని పెంచి, బయటికి తీసి, అండాలుగానో పిండాలుగానో దాస్తారు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజన్ పెరగకుండా లెట్రోజోల్ కలిపి ఇస్తారు. ఇంకా ఈడు రాని ఆడపిల్లలకైతే అండాశయం ముక్కను దాచే పద్ధతి ఉంది. అలా దాచిన కణజాలాన్ని మళ్ళీ అమర్చాక పుట్టిన తొలి బిడ్డ గురించి 2004లో బెల్జియం డాక్టర్లు ప్రకటించారు.

వీటిలో ఏదీ గ్యారంటీ కాదు. కొన్ని రక్త క్యాన్సర్లలో రెండు వారాలు ఆగే వ్యవధి ఉండదు. ప్రాణమే ముందు, అందులో వాదన లేదు. కానీ చెప్పి వదులుకోవడం వేరు, చెప్పకుండా పోగొట్టడం వేరు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం వైద్యం మొదలవక ముందే ఈ సంగతి మాట్లాడాలని 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

మన దగ్గర ఒక జంట

ఇప్పుడు ఒక జంటను ఊహించుకుందాం. ఉప్పుగూడలోనో మొఘల్‌పురాలోనో ఉంటారు. అతను ఆటో నడుపుతాడు. ఆమె ఇంట్లో కూచుని లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేస్తుంది. దళితులు కావచ్చు, ముస్లింలు కావచ్చు, ఈ లెక్కలో ఇద్దరూ ఒక్కటే. పెళ్ళయి ఐదేళ్ళు. పిల్లల కోసం మొదట ఆమెకే పరీక్షలు, ఆమెకే మందులు, ఆమెకే మొక్కులు. ఐదో ఏడు అతని వీర్యం పరీక్ష చేస్తారు, కణాలు తక్కువ. డాక్టరు చేత్తో చూస్తే వృషణంలో గడ్డ. ఇది అరుదైన కథేం కాదు. సంతానం కలగని మగవాళ్ళలో వృషణ క్యాన్సర్ మామూలు కంటే ఎక్కువని వైద్య పుస్తకాలే చెబుతాయి. ఆడవాళ్ళలోనూ సంతానం కోసం చేసిన పరీక్షలోనే గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ బయటపడటం ఉంది.

వృషణ క్యాన్సర్ బాగా నయమయ్యే జబ్బు. అతను బతుకుతాడు. కానీ ఆపరేషన్‌కు, కీమోకు ముందు రోజు ఎవరైనా "ఒక నమూనా దాచుకో" అన్నారా? అనకపోతే రెండేళ్ళ తర్వాత బతికి బయటపడ్డ ఆ జంటకు ఆ తలుపు మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు అత్త నోటి నుంచి, వాడకట్టు నోటి నుంచి వచ్చే మాట ఏమిటి? గొడ్రాలు. ఉర్దూ ఇళ్ళలో బాంఝ్. క్యాన్సర్ అతనికి, పేరు ఆమెకు. భార్యను అంత కోసే మాట మగవాడికి మన భాషలో ఎందుకు లేదో ఆలోచించండి.

అదే కార్పొరేట్ ఆసుపత్రిలో డబ్బున్న ఇంటి పిల్లవాడైతే? ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబర్‌లో ఒక తీర్పు ఇచ్చింది. క్యాన్సర్ వచ్చిన పెళ్ళికాని యువకుడు 2020లో కీమోకు ముందు గంగారాం ఆసుపత్రిలో వీర్యం దాచుకున్నాడు, చనిపోయాడు. దాన్ని తల్లిదండ్రులకు ఇవ్వాలని కోర్టు చెప్పింది. తీర్పు మీద చర్చలు చాలా జరిగాయి. నాకు అందులో కనపడింది వేరే. ఆ పిల్లవాణ్ణి ఒకరు సమయానికి అడిగారు.

బర్రెకు ఉన్న సౌకర్యం

పేదలకు ఇంత ఖరీదైన టెక్నాలజీ ఎలా ఇస్తాం అని ఎవరైనా అంటే వాళ్ళను కరీంనగర్ తీసుకుపోండి. అక్కడ పశుసంవర్ధక శాఖకు ఆబోతుల వీర్యాన్ని గడ్డకట్టించి దాచే కేంద్రం ఉంది. అక్కడి నుంచి ద్రవ నత్రజని క్యాన్లు ఊరూరా పోతాయి. గోపాలమిత్రలు బండి మీద పెట్టుకుని రైతు ఇంటి ముందుకే తెస్తారు. అదే మైనస్ 196 డిగ్రీలు, అదే నత్రజని. బర్రె ఎదకు వస్తే ఊళ్ళోకే వీర్యం వస్తుంది, మంచిదే, పాడి రైతుకు అది బతుకు. క్యాన్సర్ వచ్చిన ఆటో డ్రైవర్‌కు మాత్రం సర్కారు దగ్గర క్యాన్ లేదంటే నమ్మాలా?

మన ఒంటి మీద సర్కారు చేసిన పనులు

సంతానం విషయంలో సర్కారు మన గడప తొక్కనే లేదా అంటే, తొక్కింది. ఆపడానికి తొక్కింది. ఎమర్జెన్సీలో 1976–77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, ఎక్కువ మగవాళ్ళకే. ఆ కోపానికి ప్రభుత్వమే పడిపోయింది. ఆ తర్వాత భారమంతా ఆడవాళ్ళ మీదికి వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన ఆడవాళ్ళలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు తెలంగాణలో దాదాపు 62 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం.

ఇంకో అధ్యాయం గర్భసంచుల కోత. 2015–16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3 శాతం పైచిలుకైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. తెల్లబట్ట అని పోతే, కడుపునొప్పి అని పోతే, "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాటతో ముప్పై ఏళ్ళు నిండని కూలి తల్లుల గర్భసంచులు తీశారు. డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ లాంటివాళ్ళు హైదరాబాద్ నుంచి దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇతర రాష్ట్రాల్లో జరిగిన ఇలాంటి కోతల మీద వేసిన కేసులో, బాధితుల్లో దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల ఆడవాళ్ళే ఎక్కువన్న సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలూ మార్గదర్శకాలు అమలు చేయాలని కోర్టు చెప్పింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. క్యాన్సర్ లేని పేదరాలికి క్యాన్సర్ పేరు చెప్పి గర్భసంచి తీశారు. నిజంగా క్యాన్సర్ వచ్చిన పేదవాళ్ళకు సంతానం పోతుందన్న మాటే చెప్పలేదు. రెండు చోట్లా పోయింది ఒకటే, అడిగించుకునే హక్కు. పేదవాళ్ళకు పిల్లలు ఎక్కువ, ఇంకా ఎందుకు అన్న ఆలోచన రెండింటి వెనకా ఉంది.

పేరు పెట్టినవాళ్ళు, దారి చూపినవాళ్ళు

1994లో షికాగోలో సమావేశమైన నల్లజాతి మహిళలు దీనికి ఒక పేరు పెట్టారు, పునరుత్పత్తి న్యాయం. పిల్లలు వద్దనుకునే హక్కు ఒక్కటే చాలదు. కావాలనుకునే హక్కు, కన్న పిల్లల్ని క్షేమంగా పెంచుకునే హక్కు కూడా అందులో భాగమన్నారు. మొదటిది మాత్రమే మాట్లాడటం తెల్ల మధ్యతరగతి ఆడవాళ్ళకు సరిపోతుంది, ఎందుకంటే మిగతా రెండూ వాళ్ళ దగ్గర ఉన్నాయి.

బాబాసాహెబ్ ఈ దారిలో ఎంత ముందున్నారో చూడండి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని, ఆ ఖర్చులో సర్కారు వాటా ఉండాలని వాదించారు. 1938లో ఆయన పార్టీ తరఫున పి.జె. రోహం సంతాన నియంత్రణ తీర్మానం తెచ్చారు. అది ఓడిపోయింది. కనడానికి అండ, వద్దనుకుంటే సాధనం. రెండూ ఆడదాని చేతిలో ఉండాలి, ఖర్చు సమాజం మోయాలి. సర్కార్లు ఇందులో ఒక సగాన్నే తీసుకుని, దాన్నీ టార్గెట్లుగా మార్చాయి.

ఇప్పుడు ఎక్కడున్నాం

2021లో సంతాన సాఫల్య చికిత్సల నియంత్రణ చట్టం వచ్చింది. వయసు హద్దులు పెట్టింది, పిండాన్ని పదేళ్ళకు మించి దాచకూడదంది. ఖర్చు ఎవరు పెడతారో చెప్పలేదు. ఆయుష్మాన్ భారత్ సంతాన చికిత్సల్ని మినహాయింపుల జాబితాలో పెట్టింది. 2023లో గాంధీ దవాఖానలో సర్కారు ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు, మన పేట్లబురుజుకు కూడా ప్రకటించారు. ఇది కొట్లాడి నిలబెట్టుకోవాల్సిన సంగతి. భవనం, రిబ్బన్ చాలవు. ల్యాబ్‌లో పిండాల నిపుణులు, మందులు, రోజూ నడిచే ఓపీ కావాలి.

మనం అడగాల్సినవి మూడు.

ఒకటి, కేస్‌షీట్‌లో ఒక గీత. మొదటి కీమోకు ముందు, మొదటి రేడియేషన్‌కు ముందు, "ముందు ముందు పిల్లల సంగతి మాట్లాడాం" అని తెలుగులో, ఉర్దూలో రాసి, డాక్టరూ రోగీ సంతకం చేయాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

రెండు, సర్కారు ఐవీఎఫ్ కేంద్రాల్లో క్యాన్సర్ రోగులకు వరుస లేకుండా, డబ్బు లేకుండా వీర్యం, అండాలు దాచే ఏర్పాటు. ఎం.ఎన్.జె. నుంచి చీటీ రాస్తే అదే రోజు పని కావాలి.

మూడు, దీన్ని ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ప్యాకేజీలోనే కలపాలి. ఇది విడిగా సంతాన చికిత్స కాదు. వైద్యం చేసే నష్టాన్ని ముందే ఆపడం, అంటే వైద్యంలో భాగం. ఫ్రాన్స్‌లో 1973 నుంచే వీర్యం దాచే సర్కారు కేంద్రాలున్నాయి, క్యాన్సర్ రోగులకు ఆ ఖర్చు సామాజిక భద్రతే భరిస్తుంది. మనకెందుకు సాధ్యం కాదు?

మిత్రులారా, చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని కూడా ఉంది. మీ హాస్టల్లో, మీ బస్తీలో, మీ చుట్టాల్లో నలభై లోపు వయసు వాళ్ళకు, చిన్న పిల్లలకు కూడా, క్యాన్సర్ అని తేలితే మొదటి సూదికి ముందే వాళ్ళతో కలిసి వెళ్ళండి. "సార్, ఈ మందుతో పిల్లలు పుట్టే శక్తి పోతుందా? ముందే దాచుకునే వ్యవధి ఉందా?" అని వాళ్ళతో అడిగించండి. క్యాన్సర్ వచ్చినాక పిల్లలేంటని ఎవరైనా అంటే, రొమ్ము క్యాన్సర్ హార్మోన్ వైద్యం మధ్యలో ఆపి గర్భం కోసం ప్రయత్నించిన 500 మందికి పైగా ఆడవాళ్ళ మీద చేసిన అంతర్జాతీయ అధ్యయనం 2023లో వచ్చిందని, తొలి ఏళ్ళలో వాళ్ళకు జబ్బు తిరగబెట్టడం పెరగలేదని చెప్పండి. కానీ ఆపాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడాకే.

హెన్రియెటాకు చెప్పకుండా రేడియం పెట్టి 70 ఏళ్ళు దాటింది. రేపు పొద్దున రెడ్‌హిల్స్ ఓపీ వరుసలో నిలబడే జంటకు ఆ మాట ముందే చెప్పాలి.

జై భీమ్.

(పదో భాగంలో: సుల్తాన్‌బజార్ దవాఖాన, నర్సుల కులం, నర్సుల కష్టం)